తుడిచిన నేల ఆరేదాకా

కొత్త కెర్నెల్ ఎక్కించేముందు సమాచారానికి నకలు తీయాలి. ల్యాబ్‌ వాళ్లకు ముందురోజే చెప్పాలి. పాత కెర్నెల్‌ను చెరపకుండా పక్కన ఉంచాలి. పాత కార్డులను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు కొత్తదానితో కుదురుతాయో లేదో ఒక్కొక్కటీ చూడాలి. సర్వర్ కూలితే కారణం డిస్కులో రాసుకునే ఏర్పాటు చేయాలి.

ఆస్పత్రి సర్వర్ చూసే అమ్మాయి ఆదివారం మొదటి నాలుగు పనులకూ టిక్కు పెట్టి కొత్త కెర్నెల్ ఎక్కించింది. ఐదోదాన్ని మెమరీ దండగని మేనేజరే వద్దన్నాడు. సోమవారం నుంచి సర్వర్ రోజుకు మూడుసార్లు కూలుతోంది. యంత్రంలోని ప్రతి ముక్కనూ నడిపించేది కెర్నెల్. అది పడితే రక్తపరీక్షల రిపోర్టులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

కూలినప్పుడు కారణం తెర మీద ఇంగ్లీషు అక్షరాల గీతలుగా కనిపిస్తుంది. కానీ ఆమె వచ్చేలోపే కౌంటర్ గుమస్తా సర్వర్ గదికి పరుగున వెళ్లి రీస్టార్ట్ బటన్ నొక్కేస్తాడు. అంతటితో అంతా మాయం.

"రెండు నిమిషాలు ఆగమన్నాను కదా అన్నయ్యా. ఆ ఆఖరి గీతలు దొరికితే చాలు నాకు."

"నలభైమంది నా నెత్తిమీద నిలబడ్డారు మేడమ్. మీరొచ్చి కూర్చోండి కౌంటర్లో, నేను గీతలు చూస్తా."

సర్వర్ గది తుడుస్తున్న ఆయమ్మ ఈ మాటలు విన్నది.

బుధవారం మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. "ఐదింటికల్లా కారణం తేలాలమ్మా. తేలకపోతే పాతదే పెట్టించేస్తాను. నీ పర్మినెంట్ కాగితం మీద సంతకం కూడా పెట్టలేను." మూడు రోజులుగా నిద్రలేని కళ్లకు ఆయన ఇద్దరుగా కనిపించాడు. సరిగ్గా అప్పుడే సర్వర్ మళ్లీ కూలింది.

ఆమె వెళ్లేసరికి గుమస్తా గుమ్మం బయటే గింజుకుంటున్నాడు. ఆయమ్మ గుమ్మానికి అడ్డంగా తుడుపుకర్ర పెట్టింది.

"నేల ఆరలేదయ్యా. పొద్దున్నుంచి నడుం విరిగింది నాకు. ఆరాక తొక్కు."

"లైను మెట్లదాకా పోయింది ఆయమ్మా, నీకు దణ్ణం పెడతా."

"పెట్టు. అక్కడినుంచే పెట్టు."

అమ్మాయిని మాత్రం లోపలికి రానిచ్చి ఒక చీటీ చేతికిచ్చింది. గదిలోకి ఫోన్లు తేనివ్వరు కనుక, తెర మీది గీతలు కొన్నిటిని పెన్సిల్‌తో దించిపెట్టింది. "చదవడం రాదు తల్లీ. ముగ్గు దించినట్టు దించాను. తెర నల్లబడితే పోతాయేమోనని."

రెండు మూడు అక్షరాలు అటూ ఇటూ తిరగబడ్డాయి. అయినా మూడో వరుసలో, వరస నంబర్లు చూపే పాత టోకెన్ బోర్డు డ్రైవరు పేరు తెలుస్తోంది. తెర మీదా అదే ఉంది. బోర్డును ఏనాడో తీసేశారు. దాని కార్డు మాత్రం సర్వర్‌లోనే ఉండిపోయింది. పాత డ్రైవరు ఆ కార్డును పలకరించబోయినప్పుడల్లా కొత్త కెర్నెల్ కూలుతోంది. ఎవరూ వాడట్లేదు కదా అని ఆదివారం ఆ డ్రైవరును చూడకుండానే టిక్కు పెట్టింది తనే.

డ్రైవరును తీసేసింది. ఐదయింది, ఆరయింది, మర్నాడు మధ్యాహ్నమయింది. సర్వర్ నిలబడే ఉంది.

పైవాళ్లకు పంపే రిపోర్టులో తన తప్పు రాసింది, చీటీ సంగతీ రాసింది. మేనేజరు మొదటిది చదివి, "నిజం రాశావు. పర్మినెంట్ మూడు నెలలు వెనక్కి జరుపుతా, పోగొట్టను" అన్నాడు. రెండోది చదివి కలం తీశాడు. "ఆయమ్మ ఎందుకమ్మా ఇందులో? పైవాళ్లు నవ్వుతారు."

"ఉండనివ్వండి సార్."

ఆయన ఆ వాక్యం కొట్టేశాడు. మళ్లీ అడిగే ఓపిక ఆమెకు లేకపోయింది.

రిపోర్టులో లేదు కనుక మీరైనా గుర్తుపెట్టుకోండి: చదవలేని గీతలను పోనివ్వకూడదని, నేల ఆరేదాకా గుమ్మం వదలని ఆ ఆయమ్మను.