ఆమెన్ అనని పూట

పెళ్లి కుదిరిన జంటలకు చర్చిలో క్లాసు చెప్పేది క్రిస్టోఫరే. "భార్య మాటను చెవులతోని కాదు, మనసుతోని వినాలె" అంటాడు. అది విని కళ్లు తుడుచుకోని పెళ్లికూతురు మెదక్‌లో లేదు. అక్కకు తోడుగా వెళ్లిన నిస్సి ఏడ్చి ఊరుకోలేదు, అతన్నే చేసుకుంది.

ఇంట్లో క్రిస్టోఫర్ గొడవపడడు. గొంతు పెంచడు. ఏదైనా నచ్చకపోతే భోజనానికి ముందు చేసే కుటుంబ ప్రార్థన దాకా ఓపిక పడతాడు. అందరూ కళ్లు మూసుకున్నాక దేవుడికి చెప్పుకుంటాడు. పక్కనే ఉన్న నిస్సి మధ్యలో నోరెత్తడానికి లేదు. చివర ఆమెన్ అనాలి. అంటే ఒప్పుకున్నట్టే. అలా ఆమె చర్చి క్వయర్‌లో పాడటం మానేసింది, స్కూటీ తమ్ముడికి ఇచ్చేసింది.

ఇప్పుడు నిస్సికి ఎల్దుర్తి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి.

"ఏమంటరు?" అని అడిగింది.

"ప్రార్థన చేద్దాం," అన్నాడు.

ముగ్గురూ అన్నం గిన్నె చుట్టూ కూర్చున్నారు. అత్త మార్తమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

"ప్రభువా! ఈ బిడ్డకు ఇల్లు విడిచి తిరగాలన్న ఆశ పుట్టింది. నీ దాసుడు ఒక్కమాట అనలే. మస్తు అర్థం చేసుకునేటోడు నీ దాసుడు. గా ఆశ నువ్వే తీసెయ్యి తండ్రీ. ఆమెన్."

"ఆమెన్," అంది మార్తమ్మ.

నిస్సి అనలేదు. కళ్లూ తెరవలేదు.

"ఆమెన్ అను నిస్సీ. అన్నం సల్లగైతుంది," అన్నాడు క్రిస్టోఫర్.

"ప్రభువా, నాది సుత విను," అంది నిస్సి.

క్రిస్టోఫర్ గబుక్కున మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనలో కళ్లు తెరవకూడదన్న నియమం పెట్టింది అతనే మరి.

"నీ దాసుడు ఊరందరికి వినుడు నేర్పుతుండు. నాతోని ఒక్కమాట చెప్పాల్నంటే మాత్రం నిన్ను నడుమల నిలబెడ్తుండు. నువ్వు పరేషాన్ గాకు తండ్రీ. రేపు పొద్దుగాల నేను ఎల్దుర్తి బస్సెక్కుత. కోపమొస్తే నాతోనే కొట్లాడుమను. నేను సుత కొట్లాడుత."

"నిస్సీ!"

"ప్రార్థన నడుమల మాట్లాడకురా," అంది మార్తమ్మ, కళ్లు తెరవకుండానే.

"ఆమెన్," అంది నిస్సి.

మార్తమ్మ ఆమెన్ వీధిలోకి వినిపించింది.

క్రిస్టోఫర్ పళ్లెంలోకి చూస్తూ పప్పన్నం కలిపి ఓ ముద్ద తిన్నాడు. చివరికి తలెత్తి భార్య మొహంలోకి చూశాడు.

"పప్పుల ఉప్పు ఎక్కువైంది."

పెళ్లయ్యాక దేవుడికి కాకుండా ఆమెకే చెప్పిన మొదటి ఫిర్యాదు అది.

"అవును, ఎక్కువైంది," అంది నిస్సి. "రేపు మీరు వండుండ్రి. నాకు బస్సున్నది."