నలుగురి చేతులకు ఒక్క జత

నేను ఒక ఉన్ని గ్లౌజును. కుడిచేతిది. ఎడమచేతిది నా పక్కనే ఉంటుంది గానీ అది నోరు మెదిపే రకం కాదు. అందుకని జరిగింది చెప్పే పని నా మీద పడింది. నేను కోపంగా ఉన్నానని ముందే చెప్పేస్తున్నాను. ఇంకొకరి చేతికి వెచ్చదనం ఇవ్వడానికి పుట్టిన దాన్ని. అలాంటి నాకే ఒళ్ళు మండిందంటే మనుషులు ఎంత పని చేసి ఉంటారో ఆలోచించండి.

నన్ను అల్లినావిడ పేరు పాల్మో. హిమాలయాల్లో ఒక కొండ ఊరు ఆమెది. చలికాలం వస్తే అక్కడ బిందెలో నీళ్ళు కూడా గడ్డకట్టుకుపోతాయి, పగలగొట్టి కాచుకోవాలి. ఆ ఏడు ఆ ఊళ్ళో ఆడపిల్లల జట్లకు మంచులో రోడ్డు పరుగు పందెం పెట్టారు. దేశం నలుమూలల నుంచీ వచ్చే పిల్లలు చలికి తట్టుకోలేరని, జట్టుకు నాలుగు జతల చొప్పున గ్లౌజులు అల్లిపెట్టమని పందెం నిర్వాహకులు ఊరి ఆడవాళ్ళకు పురమాయించారు. పాల్మో పొయ్యి పక్కన కూర్చుని బూడిదరంగు ఉన్నితో నాలుగు జతలు అల్లింది. మణికట్టు దగ్గర ఎర్రటి చార వేసింది. ఆఖరి జత మేము. ఉన్ని తక్కువ పడటంతో మమ్మల్ని కాస్త చిన్నగా అల్లింది. చిన్న చేతుల పిల్ల ఒకతి ఉండకపోదులే అనుకుంటూ దారం కొరికింది. అయినా వేళ్ళ చివర మాత్రం పొర మీద పొర వేసి గట్టిగా అల్లింది. చలి ముందు పట్టుకునేది అక్కడేనని ఆమెకు తెలుసు.

మా మూట ఆంధ్రా నుంచి వచ్చిన జట్టుకు చేరిందని నిర్వాహకుల జాబితాలో ఉంది. నిజానికి చేరింది జట్టు మేనేజరు విఠల్‌బాబు చేతికి. నాలుగు జతలు ముట్టాయని సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆయన జట్టుతో పాటు భార్యను, బావమరిదిని, బావమరిది భార్యను కూడా మంచు చూపించడానికి వెంటబెట్టుకొచ్చాడు. హోటలు గదిలో మూట విప్పగానే తలా ఒక జత తీసుకున్నారు. పిల్లల మాట ఎవరికీ గుర్తు రాలేదు. మేము మేనేజరు భార్య వాటాకి వచ్చాం. ఆవిడ ఉంగరాల వేళ్ళ మీద నేను సగం దాకా ఎక్కి ఆగిపోయాను. రెండుసార్లు లాగి, విసుక్కుని, మంచం మీదకి విసిరేసింది. మిగతా మూడు జతలూ ఆ రోజంతా మంచుముద్దలు విసురుకుంటూ ఫొటోలు దిగాయి.

సాయంత్రం జట్టు కోచ్ ముఖలింగం వచ్చి తలుపు తట్టాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఏళ్ళ తరబడి సైన్యంలో మంచు కొండల మీద కాపలా కాసి, హవల్దారుగా పదవీ విరమణ చేసి, పాడేరు వైపు కొండ ఊళ్ళ ఆడపిల్లలకు పరుగు నేర్పుతున్నాడు. మిగతా జట్ల వాళ్ళకి గ్లౌజులు ఇచ్చారట, మనవి ఏమయ్యాయని అడిగాడు.

"పది కిలోమీటర్లే కదండీ ముఖలింగం గారూ. పరిగెత్తే వాళ్ళకి చలేముంటుంది?" అన్నాడు విఠల్‌బాబు, మంచం మీదున్న మమ్మల్ని తీసి ఇస్తూ. ఆ చేతులకు అప్పటికీ పాల్మో అల్లిన జతే ఉంది.

ముఖలింగం ఆ చేతుల వంక చూశాడు. మిగతా మూడు జతలూ కావాలని అడిగాడు. ఉదయం చూద్దామని మేనేజరు తలుపు వేసేశాడు. ముఖలింగం అటునుంచి అటే బజారుకు వెళ్ళాడు. మధ్యాహ్నం నుంచి మంచు పడుతుండటంతో దుకాణాలన్నీ మూసేసి ఉన్నాయి. చేతులకు తొడుగుదామంటే, పిల్లల దగ్గరున్న రెండో జత మేజోళ్ళు ఆ రోజు సాధనలో తడిసి, కిటికీలో ఆరేస్తే బిగుసుకుపోయాయి. పొద్దున్నే మళ్ళీ హోటలుకు వెళ్తే మేనేజరు బృందం సూర్యోదయం చూడటానికి కారులో వెళ్ళిపోయిందన్నారు.

అలా నలుగురు పిల్లలకు మేము ఒక్క జత మిగిలాం. గెమ్మెలి చిలకమ్మ, కొర్రా సీతామణి, పాంగి బుజ్జమ్మ, వంతాల రత్నాలు. అందరిలోకీ చిలకమ్మ వేగం ఎక్కువ. రత్నాలు అందరికన్నా సన్నం, చిన్న చేతులు, మాట కూడా తక్కువ. ఆమె చేతికి నేను అచ్చంగా సరిపోయాను. అయినా ఆ పిల్ల మమ్మల్ని తనే ఉంచుకుంటానని అనలేదు. కిలోమీటరుకు ఒకరు చొప్పున వేసుకుందామని, ప్రతి కిలోమీటరు రాతి దగ్గర మార్చుకుందామని నలుగురూ మాట్లాడుకున్నారు.

ఆ పందెంలో గెలుపుకు నియమం ఒకటే. జట్టులో నలుగురూ గీత దాటాలి, ఆఖరి మనిషి దాటిన సమయమే జట్టు సమయం. మొదటి మూడు స్థానాల్లో వస్తే నలుగురికీ క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగానికి అర్హత దొరుకుతుంది. మిరియాల బస్తాలు మోసే ఇళ్ళ నుంచి వచ్చిన ఆ పిల్లలకు అది ఎంత పెద్ద మాటో నేను వేరే చెప్పనక్కరలేదు.

తుపాకీ పేలింది. మొదటి కిలోమీటరు నేను రత్నాలు చేతిన ఉన్నాను. నలుగురూ ఒకే అడుగుగా, చిలకమ్మ ముందుండి గాలికి అడ్డు కాస్తుంటే, పరిగెత్తారు. రెండోది సీతామణి, మూడోది బుజ్జమ్మ, నాలుగోది చిలకమ్మ. ఆగకుండానే పళ్ళతో లాగి, పక్కవాళ్ళకి అందించి, తొడుక్కునేవాళ్ళు. మూడు జట్లను దాటేశారు. అంతలో గాలి తిరిగింది. మంచు ఎదురుగా సూదుల్లా కొట్టడం మొదలైంది.

నాలుగో కిలోమీటరు రాయి దగ్గర మమ్మల్ని మళ్ళీ రత్నాలుకు ఇచ్చారు. ఆ చేతిని ముట్టుకున్నప్పుడు నాకు భయం వేసింది. వేళ్ళు పాలిపోయి, కొయ్యముక్కల్లా ఉన్నాయి. నాలోకి దూర్చుకోవడానికి అవి వంగడం లేదు. రత్నాలు ఏడవలేదు, పరిగెడుతూనే నన్ను మీదికి లాక్కోవడానికి ప్రయత్నిస్తోంది. అది చూసి చిలకమ్మ ఆగిపోయింది. మిగతా ఇద్దరూ ఆగారు. వెనకాల జట్టు ఒకటి వాళ్ళను దాటి వెళ్ళిపోయింది. చిలకమ్మ ఆ వేళ్ళను తన చంకలో పెట్టుకుని వెచ్చబరిచి, ఒక్కొక్కటే నాలోకి దూర్చింది. మళ్ళీ పరుగు అందుకున్నారు. అయిదో రాయి దగ్గర సీతామణి వంతు వచ్చింది. రత్నాలు నన్ను తీయబోయింది.

"తియ్యకు. ఎల్లు," అంది సీతామణి.

ఆరు దగ్గర బుజ్జమ్మా అడగలేదు, ఏడు దగ్గర చిలకమ్మా అడగలేదు. ఆఖరి అయిదు కిలోమీటర్లు ఆ ముగ్గురూ ఉత్త చేతులను గుప్పిళ్ళు బిగించి పరిగెత్తారు. తమను దాటిపోయిన జట్టును మళ్ళీ దాటారు. నలుగురూ భుజాలు కలిపి మూడో స్థానంలో గీత దాటారు. ముఖలింగం తన కోటు విప్పి ముగ్గురి చేతులకూ కలిపి చుట్టాడు. రత్నాలును ఆసుపత్రికి పంపాడు.

గంట తిరక్కుండా కబురు వచ్చింది. జట్టును పందెం నుంచి తొలగించారట. దారి వెంట జీపులో వస్తున్న రిఫరీ చిలకమ్మ గ్లౌజులు తొడగడం చూశాడు. ఒకరి వస్తువు ఇంకొకరికి అందించడం పందెంలో నిషేధించిన సహాయం కిందికి వస్తుందని రాశాడు. తలకు బొచ్చుటోపీ, కాళ్ళకు కంబళి, చేతిలో వేడి టీ పెట్టుకుని జీపులో కూర్చున్న మనిషికి ఆ పిల్ల వేళ్ళు కనపడలేదు. నియమం మాత్రం కనపడింది.

ముఖలింగం అభ్యంతరం రాసి ఇచ్చాడు. మధ్యాహ్నం విచారణ. సాక్ష్యంగా నన్నూ నా జతనూ బల్ల మీద పెట్టారు. ప్రతి జట్టుకూ నాలుగు జతలు ఇచ్చామే, మీ పిల్లలు ఎందుకు మార్చుకోవలసి వచ్చిందని పెద్ద రిఫరీ అడిగాడు. సంతకం ఉన్న జాబితా తీసి చూపించాడు. అందరూ విఠల్‌బాబు వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. కొండ పిల్లలండీ, వస్తువు విలువ తెలియదు, మూడు జతలు నిన్ననే ఎక్కడో పారేసుకున్నారు, నేనే మందలించాను అని హిందీలో చక్కగా చెప్పాడు. నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని. నూలుపోగు దూరంలో కూర్చుని అంత అబద్ధం వినవలసి వచ్చింది.

ముఖలింగం ఆ మాటలు తెలుగులో పిల్లలకు చెప్పాడు. అప్పుడు లేచింది రత్నాలు. ఆసుపత్రిలో ఉండమన్నా ఉండకుండా, రెండు చేతులకూ కట్లతో వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. నాలుగు మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎరగని పిల్ల.

"మేం పారేసుకోనేదు సార్. మాకు ఇస్తే గదా పారేసుకోడానికి," అంది. గుమ్మం వైపు కట్టు కట్టిన చెయ్యి చూపించింది. "మీ బామ్మర్దిగారి సేతులకున్నయి ఎవురివి?"

విచారణ వింత చూద్దామని వచ్చిన బావమరిది గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎర్ర చార ఉన్న గ్లౌజులు. గబుక్కున చేతులు జేబుల్లో దోపుకున్నాడు. ముఖలింగం ఆ రెండు మాటలనూ ఒక్క అక్షరం తగ్గించకుండా హిందీలో చెప్పాడు. పెద్ద రిఫరీ నన్ను చేతిలోకి తీసుకుని, బావమరిది జేబుల వైపు చూసి, జీపులో వచ్చిన రిఫరీ కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు. ఒకే జట్టు వాళ్ళు ఒకరినొకరు ఆదుకోవడం బయటి సహాయం కాదని, మూడో స్థానం వాళ్ళదేనని చెప్పాడు.

న్యాయం జరిగిందనుకుంటున్నారు కదూ. నేనూ అనుకున్నాను. కప్పు ఇచ్చినప్పుడు ఫొటోలో దాన్ని పట్టుకుని మధ్యలో నిలబడింది విఠల్‌బాబు. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. రత్నాలు కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు నల్లబడ్డాయి. విశాఖపట్నం ఆసుపత్రిలో రెండింటి చివరా ఒక్కొక్క కణుపు తీసేశారు. చిలకమ్మ, సీతామణి, బుజ్జమ్మ కానిస్టేబుళ్ళయ్యారు. రత్నాలు పోలీసు ఎంపికలో పరుగు నెగ్గి, వైద్య పరీక్షలో తప్పింది. తుపాకీ మీట నొక్కే వేలు సరిగా లేదన్నారు.

మమ్మల్ని కప్పుతో పాటు మన క్రీడా సంఘం ఆఫీసుకు తెచ్చి అద్దాల బీరువాలో పెట్టారు. కింద ఒక అట్టముక్క నిలబెట్టారు. 'మంచు పందెంలో క్రీడాకారిణుల కోసం మేనేజరు శ్రీ విఠల్‌బాబు గారు సమకూర్చిన గ్లౌజులు' అని అందమైన అక్షరాలతో రాయించారు. వచ్చినవాళ్ళు చదివి, ఎంత మంచి మనిషి అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఏడాదిన్నర ఆ మాటలు విన్నాను.

మొన్న రత్నాలు వచ్చింది. ఇప్పుడు ముఖలింగం దగ్గర చిన్న పిల్లలకు పరుగు నేర్పుతోందట. వాళ్ళ పేర్లు నమోదు చేయించడానికి కాగితాలు తెచ్చింది. గుమాస్తా కోసం చూస్తూ బీరువా దగ్గరకు వచ్చింది. అట్టముక్క చదివింది. మళ్ళీ చదివింది. ఆఫీసు ఊడుస్తున్న గౌరమ్మను బీరువా తీయమని అడిగింది. గౌరమ్మ ఎందుకని అడగలేదు. ఆ చేతిని చూసి తాళం తీసింది.

రత్నాలు నన్ను తీసుకెళ్తుందనుకున్నాను. తీసుకెళ్ళలేదు. ఒకసారి వేలితో తడిమి, అట్టముక్కను వెనక్కి తిప్పింది. కలం ఆ వేళ్ళ మధ్య నిలవడం లేదు, జారిపోతోంది. మూడుసార్లు పట్టు మార్చుకుంది. అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి. అయినా ఆగకుండా నాలుగు పేర్లు రాసింది, ఇంటిపేర్లతో సహా. కింద ఇంకొక వాక్యం రాసింది: 'మాకు నాలుగు జతలు ఇవ్వాలి. ఒక్క జత ఇచ్చారు.'

"దీన్ని మల్లీ తిప్పెయ్యకుండా సూడమ్మా," అంది గౌరమ్మతో, ఆ అక్షరాలు కనపడేలా అట్టముక్కను నిలబెడుతూ.

గౌరమ్మ బీరువా తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడి వేసుకుంది.