హసింతా మడిలో వానపాములు

కోఆతెపెక్ అనే ఊళ్ళో జూన్ మొదలు అక్టోబరు దాకా వాన పడని మధ్యాహ్నం ఉండదు. అందుకే గొడుగులు బాగుచేసే సెనాయిదాకి చేతినిండా పని. పొద్దున్నే దుకాణం తలుపులు తీయడం, కాఫీ పెట్టుకోవడం, బల్ల మీది గాజుపెట్టెలో ఉన్న కనేలాకి పురుగులు వేయడం, ఆ తర్వాత విరిగిన ఊచలు ముందేసుకుని కూర్చోవడం. కనేలా ఆమె పదకొండేళ్ళుగా పెంచుకుంటున్న లెపర్డ్ గెకో, పసుప్పచ్చని ఒంటి మీద నల్లమచ్చలున్న జానెడు బల్లి. ఇంట్లో ఇంకెవరూ లేరు కనక సెనాయిదా ఊళ్ళో కబుర్లన్నీ దానికే చెప్పేది.

వాన మొదలైతే వీధంతా గొంతులే. ఆ ఊళ్ళో మట్టి తడిస్తే మాట్లాడుతుంది, ఆఖరిసారి దాన్ని తవ్విన చేతులు ఎవరివైతే వాళ్ళ గొంతుతో. ఏ పెరట్లో ఎవరేం పోశారో, ఏం పాతిపెట్టారో దాచకుండా చెప్పేస్తుంది. గుట్టుగా చేసుకోవలసిన పనులేమన్నా ఉంటే అక్కడి జనం సిమెంటు మీద చేసుకుంటారు.

పక్కింటాయన పేరు దోన్ సిరీలో. కాఫీ పళ్ళ తొక్కు మీద ఎర్ర వానపాముల్ని పెంచి ఎరువు తీస్తాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. మొక్క వాడిపోయినా, కోడి గుడ్డు పెట్టకపోయినా అన్నిటికీ తన వానపాములే మందంటాడు. అలాగే ఒకరోజు కనేలాకి రెండు తెచ్చి తన చేత్తోనే వేశాడు. అది ఒకదాన్ని కొరికి, కక్కేసి, తన రాతిగూట్లోకి పోయి పడుకుంది. ఆ తర్వాత కీచురాళ్ళు పెట్టినా ముట్టలేదు. కొవ్వు దాచుకునే లావుపాటి తోక కాస్తా రెండు వారాల్లో పెన్సిలంత అయింది. సెనాయిదాకీ ముద్ద దిగలేదు.

పక్క పట్నం హలాపాలో పశువుల డాక్టరమ్మ సంగతంతా విని తల పట్టుకుంది. తొక్కులో బతికే ఆ ఎర్ర రకం బెదిరితే చేదు రసం వదులుతుందట, బల్లులకి అది పడదట. మామూలు మట్టి వానపాము అయితే మెత్తన, ఒంట్లో నీరున్నది, ఆశపడి తినొచ్చంది. అయితే మందు పడని మట్టిలోదే కావాలి. అది బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా లావుండకూడదు. తడి కాగితంలో ఒక రోజు ఉంచితే కడుపులో మట్టి పోతుంది, అప్పుడు కడిగి, ముక్క చేసి, కాల్షియం పొడి అద్ది పెట్టాలి. ఈ వారంలో తినకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పింది.

సెనాయిదాకి పెరడు లేదు. చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. ఒక పెరడు గడ్డిమందు పడిందని చెప్పింది, ఇంకొకటి ఎలుకలమందంది. చర్చి ఫాదరు గారి గులాబీల మడి కాసేపు నీళ్ళు నమిలి, చివరికి పురుగుమందు సంగతి ఒప్పుకుంది.

ఇక మిగిలింది సిరీలో భార్య హసింతా మడి ఒక్కటే. ఆమె ఫిబ్రవరిలో పోయింది. అప్పట్నుంచి ఆయన దాని మీద రేకులు కప్పి ఉంచాడు. తడిస్తే కలుపు లేస్తుంది, కలుపు లేస్తే ఎవరో ఒకరు తవ్వాలి, తవ్వితే ఆ మట్టిలోంచి హసింతా గొంతు పోతుంది. అది పోతుందన్న భయంతో ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా వినలేదు.

"తప్పు నాదే అమ్మాయ్," అన్నాడు సిరీలో గుమ్మంలోనే నిలబడి. "ఏదడిగినా ఇస్తాను. ఆ మడి మాత్రం అడక్కు."

"నేనింకా ఏమీ అడగలేదు కదండీ."

"చేతిలో పార ఉందిగా."

సెనాయిదా పారని గోడకి ఆనించింది. "మీకు ఆవిడ గొంతు ఎంతో నాకు కనేలా అంత. ఇంతకన్నా చెప్పడం నాకు చేతకాదు," అని వెనక్కి వచ్చేసింది.

మర్నాడు వానకి ముందు సిరీలోయే వచ్చి పిలిచాడు. మడి మీద ఒక రేకు పక్కకి లాగి, చెంబెడు నీళ్ళు పోశాడు.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా సిరీలో," అంది మట్టి. అచ్చం హసింతా గొంతే, కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు. ఆయన వంగి మట్టికి చెవి ఆనించాడు. సెనాయిదాయే మెల్లగా అడిగింది, అమ్మా, నీలో ఏమన్నా మందు పోశారా అని.

"ఈయనే ఒకసారి డబ్బా పట్టుకొచ్చాడు. లాక్కుని వీధిలోకి విసిరేశాను. ఇంకెవరికుంది ఆ ధైర్యం?"

సిరీలో కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ పిల్లకి వానపాములు కావాలి. తవ్వితే నువ్వు పోతావు హసింతా."

"తవ్వమన్నదెవరు? ముప్పై ఏళ్ళు వానపాముల్ని పెంచావు, ఆమాత్రం తెలీదా? రేకులు తీసి వాన పడనివ్వు. అవే పైకొస్తాయి."

మూడింటికి వాన పట్టుకుంది. అడుగున చెమ్మలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే పైకొచ్చాయి. సెనాయిదా సన్నగా ఉన్నవి రెండు ఏరుకుంది, మట్టిని గోటితో కూడా గీరకుండా.

తడి కాగితంలో ఒక రోజు గడిచింది. ఆ మర్నాడు గొడుగుల దుకాణం ముందు వీధి వీధంతా చేరింది, ఫాదరు గారితో సహా. సెనాయిదా ఒకదాన్ని కడిగి, కోసి, పొడి అద్ది, పట్టకారుతో రాతిగూటి ముందు ఆడించింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత చిక్కిన ఆ తోక కొస అటూ ఇటూ ఊగింది. కనేలా ఒక్క గెంతులో అందుకుని, రెండు గుటకల్లో మింగి, నాలుకతో మూతి నాక్కుని, ఇంకో ముక్క కోసం తలెత్తింది. మన జట్టు గోలు కొట్టినంత గోల లేచింది బయట. సెనాయిదా ఏడుస్తూ నవ్వింది. గోలంతట్లోనూ గట్టిగా అరిచింది సిరీలోయే.

అక్టోబరు నాటికి కనేలా తోక మళ్ళీ బొద్దుగా తయారైంది. వారానికి ఒక్క వానపామే, మిగతా రోజులు కీచురాళ్ళే. ఆదివారం ఆదివారం ఆ వానపాముని సిరీలోయే తడి కాగితంలో చుట్టి తెచ్చిస్తాడు. రేకులు ఆయన మళ్ళీ కప్పలేదు. ఆ మడిలో కలుపు నడుమెత్తు పెరిగింది, ఒక్క పోచ కూడా పీకడు. వాన పట్టగానే రెండు కప్పుల కాఫీ పట్టుకుని, సెనాయిదా బాగుచేసిన నల్ల గొడుగు వేసుకుని దాని పక్కన కూర్చుంటాడు. తడిసిపోతున్నావు, లోపలికి పోవయ్యా అని ఎవరైనా గోడ మీంచి కేకేస్తే, ఆవిడ ఇంకా చెబుతోంది, మధ్యలో లేస్తే ఊరుకోదు అంటాడు.