గాజు తొట్టిలో చేపలు

దానయ్య అన్నం క్యారియర్ మూత తీసి, చెరువులో పట్టిన ఆరు బొచ్చె చేప పిల్లలను గాజు తొట్టిలోకి వదిలాడు. తొట్టిలోకి మంచినీళ్ళొచ్చే బోరు గొట్టం కనపడకుండా వెనక గోనెపట్టా సర్దాడు. అధికారులు తనిఖీకి వస్తారన్న ప్రతిసారీ పొద్దున్నే ఇదే పని.

చిలకలూరిపేట రోడ్డు మీది ఆ నూలు అద్దకం ఫ్యాక్టరీలో మురుగునీళ్ళు శుభ్రం చేసే మిషను లారీ తొట్టికి మించి ఉండదు. తొంభై తొమ్మిదిలో కొన్న కొత్తలో ఏడాది తిరిగింది. తర్వాత కరెంటు దండగని, తనిఖీ రోజున మాత్రమే వేయమన్నాడు ఓనరు. మిగతా రోజుల్లో రంగునీళ్ళు అలాగే కాలవలోకి పోతాయి. మిషను నీళ్ళలో చేపలు కూడా బతుకుతున్నాయని నలుగురూ నమ్మడానికే గేటు దగ్గర ఆ తొట్టి. నాలుగేళ్ళుగా మిషను చూసుకునే పని పేరుతో తను చేస్తున్నది ఈ అబద్ధానికి కాపలా అని దానయ్య భార్యకు కూడా చెప్పుకోలేదు.

"దానా, ఓ మాటరా."

గేటు బయట యలమందయ్య. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు. కాలవ కింద అతనికి రెండెకరాల మిరప చేను. చేతిలో మాడిన నారు, దాని వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"మడంతా ఇట్టాగే పోయింది. చేపలు బతికే నీళ్ళేగా అని మీ కాలవ నీళ్ళే పెట్టా. ఎరువెక్కువేశానంటావా?"

దానయ్య గోనెపట్టా అంచు మరోసారి సర్దాడు.

"అయ్యుండొచ్చు," అన్నాడు చివరికి.

"మా ఆవిడా అదే అంది. పక్క మళ్ళో మళ్ళీ నారు పోశాలే. ఈసారి ఎరువు జోలికి పోను, ఉత్త నీళ్ళే పెడతా."

తప్పంతా తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అధికారులు వచ్చి, చేపలను చూసి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళారు. వాళ్ళ జీపు మలుపు తిరగగానే మిషను ఆగింది. దానయ్య క్యారియర్‌లో అన్నం లేదు. ఉన్నా దిగేది కాదు.

సాయంత్రం యలమందయ్య అటుగా వెళుతుంటే లోపలికి పిలిచాడు. గోనెపట్టా లాగేసి బోరు గొట్టం చూపించాడు. కాలవలోకి పోయే నీళ్ళు బకెట్‌తో తెచ్చి తొట్టిలో పోశాడు. చేపలు గిరగిరా తిరిగాయి. కాసేపటికి ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి.

యలమందయ్య గొంతు పెంచలేదు.

"పొద్దున అడిగాగదరా. ఇప్పుడే రెండో మడికీ నీళ్ళు పెట్టొస్తన్నా."

దానయ్య మిషను తాళాలు వాచ్‌మన్ బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మర్నాడు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

తొట్టి పక్కన క్యారియర్ మూత తీసే ఉంది, అడుగున చారెడు చెరువు నీళ్ళతో.