గుడ్డ కట్టిన పెట్టెలో నా పరుగు

నేను ఒక ప్రాసెసర్‌ని. కంప్యూటరుకు మెదడు అంటారే, అది నేనే. మెదడుకేం, హాయిగా ఉంటుందనుకోకండి. నన్ను సాకెట్లో పడుకోబెట్టి, పైన మూత బిగించి, దాని మీద ఇంత ఫ్యానును కూర్చోబెట్టారు. ఎంత పరుగైనా తీయగలనని నేనొచ్చిన అట్టపెట్టె మీద గొప్పగా అచ్చు వేశారు. ఆ మాటే నా కొంప ముంచింది.

జనగామలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే భిక్షపతి నన్ను కొన్నాడు. నాకు తోడుగా మాత్రం దుకాణంలో అన్నిటికంటే చవక మదర్‌బోర్డును తెచ్చాడు. నాకు కరెంటు అందించే చిన్న నల్ల ముక్కలు దానిపై వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, వాటి వేడి లాగడానికి ఓ రేకైనా లేదు. దసరాకు ఆయుధపూజ చేసి, ఆయన భార్య సుగుణ మా పెట్టెకు కుంకుమ పెట్టి, ముందు జాలీకి అడ్డంగా కొత్త జాకెట్టు ముక్క కట్టింది. మళ్లీ దసరా దాకా విప్పకూడదట. భక్తి మంచిదే. కాని లోపలికి గాలి వచ్చేది ఆ జాలీలోంచే.

అలా ఉండగా కనకవ్వ వచ్చింది. ఆమె తమ్ముడు సమ్మయ్య కూతురు స్రవంతి పెళ్లి వీడియోను ఆ మధ్యే భిక్షపతి తీశాడు, మిక్సింగే మిగిలింది. పెళ్లంతా నవ్వుతూ తిరిగిన సమ్మయ్య ఇప్పుడు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి స్రవంతి సరిగా ముద్ద ముట్టడం లేదు. పెద్దకర్మ నాటికి వీడియో ఇస్తే, నాయన నవ్వు చూసైనా పిల్ల ఇంత తింటుందని మేనత్త ఆశ.

భిక్షపతి మంచివాడు. మంచివాళ్లకు తొందరెక్కువ. నా మానాన నన్ను వదిలేస్తే ఆ సాయంత్రానికే ముగించేవాణ్ణి. ఆయన నా వేగం పెంచాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. వీడియో ముప్పావు వంతు తయారయ్యాక తెర నల్లబడింది. వోల్టేజీ పెంచాడు, ఈసారి సగంలోనే ఆగింది. నా వేడిని ఫ్యానుకు అందించే పేస్టు తుడిచి కొత్తది రాశాడు, పెద్ద ఫ్యాను తెచ్చాడు. తెర మీద నా వేడి మామూలుగానే కనిపించేది. కాలిపోతున్నది నేను కాదు, నా పక్కనున్న ఆ నల్ల ముక్కలు. వాటి వేడి చూపించే ఏర్పాటు ఆ చవక బోర్డుకు లేదు. పెట్టె పక్క తలుపు తీసి చూసినప్పుడల్లా గాలి తగిలి అంతా చక్కగా నడిచేది. బాగైందనుకుని తలుపు మూసి, గుడ్డ సర్ది, దండం పెట్టుకునేవాడు. మళ్లీ ఆగేది. కదలడానికి లేదు, చెప్పడానికి నోరు లేదు. మూత కింద అణిగిమణిగి ఆ పెళ్లిని మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టాలి. నాకు ఏడుపొచ్చేది.

పెద్దకర్మ ముందురోజు పొద్దున కనకవ్వ వచ్చి నా పెట్టె పక్కనే కూర్చుంది. ఆమె కళ్లముందే తెర నల్లబడింది. భిక్షపతి తల పట్టుకున్నాడు. ఆమె పిల్లల నుదురు చూసినట్టు పెట్టె మీద చెయ్యి వేసింది.

"గిది కాలుతున్నది గద బిడ్డా," అంది. "మా తమ్ముడు చలి చలి అంటుంటె దుప్పటి మీద దుప్పటి కప్పినం. లోపల జరం మండుతున్నదని ఎరుక లేకపాయె."

ముడి తనే విప్పింది. చావింటి నుంచి వచ్చిన మనిషి పూజ గుడ్డ ముట్టుకుంటుంటే సుగుణ గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత తనే వచ్చి ఆ గుడ్డ అందుకుంది. భిక్షపతి పక్క తలుపు ఊడదీసి, నా వేగాన్ని పుట్టినప్పటి అంకెకు దించాడు. నాకు ఊపిరాడింది. సాయంత్రానికి వీడియో ముగిసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు స్రవంతి మా దుకాణానికి వచ్చింది. ఇంట్లో చుట్టాల మధ్య సరిగా చూడలేకపోయిందట. భిక్షపతి వీడియో పెట్టాడు. బరాతు ఊరేగింపులో సమ్మయ్య వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు రెప్పపాటులో దాటిపోయింది.

"అన్నా, గా నవ్వేకాడ జర మెల్లగ పోనియ్," అంది.

మెల్లగా పోనిచ్చాడు. మళ్లీ అడిగింది, మళ్లీ పెట్టాడు. సుగుణ అన్నం కలిపి తెచ్చి పక్కన పెడితే, ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే ఒక ముద్ద తీసుకుంది.

నేనింకా మూత కిందే ఉన్నాను. ఇది తీసే రోజున నన్ను పాత సామాన్లలోకే విసురుతారని తెలుసు. నన్ను చేసినవాళ్లూ, అమ్మినవాళ్లూ, కొన్నవాళ్లూ అందరూ ఉరకమన్నవాళ్లే. మెల్లగా పొమ్మన్నది ఆ పిల్ల ఒక్కతే.