నలభై నిమిషాల దారి

లావుపాటి కంట్రాక్టరు బూట్లు విప్పి తూకం మీద నిలబడి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఊపిరి బిగబట్టినా బరువు తగ్గదండీ," అన్నాడు తూకం మనిషి, ముల్లు చూస్తూ.

విమానం మరీ చిన్నది. సామాన్లతో పాటు మనుషుల్నీ తూచి ఎక్కించాలి. ఆ పని చేసీ చేసీ అతను తూకం మనిషే అయిపోయాడు, అసలు పేరు అందరూ మరిచిపోయారు. ఆ విమానాశ్రయమైనా ఎంత గనక, ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక రేడియో.

కొండల అవతల అలాంటిదే ఇంకొకటి ఉంది. విమానంలో నలభై నిమిషాలు, రోడ్డున కొండల చుట్టూ తిరిగి పోతే రెండు రోజులు. అతని అక్క ఉండేది అక్కడే. సీటు మిగిలితే సిబ్బంది ఊరికే ఎక్కవచ్చు. అయినా ఏళ్ల తరబడి అతను ఎక్కలేదు. సీటు మిగిలిన ప్రతిసారీ ఆఖరి క్షణంలో ఎవరో రొప్పుతూ వచ్చేవారు, ఇతను తప్పుకునేవాడు. అది మంచితనమేమీ కాదు, ఒట్టి మొహమాటం.

ఈసారి అలా కుదరదు. అక్క గుండె బాగా బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. "ఒక్కసారి కనబడిపోరా, నేనే ఎదురొస్తాను," అంది అక్క ముందురోజు ఫోనులో.

"నువ్వు కదలకు అక్కా. రేపు పొద్దున్నే వస్తున్నాగా."

అందుకే కంట్రాక్టరు తర్వాత తనూ తూకమెక్కి, తన బరువు తనే రాసుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా సీట్లో కూర్చున్నాడు. ఒకసారి రాసుకున్నాక ఆ సీటు అతనిదే. ఇక లేవమనే హక్కు ఎవరికీ లేదు.

తలుపు వేయబోతుండగా ఒకాయన పరుగున వచ్చాడు. "బాబ్బాబు, మా బావమరిది నాకు చెప్పకుండా స్థలం అమ్మేస్తున్నాట్ట. ఇవాళ వెళ్లి నాలుగు దులిపేస్తే గానీ లాభం లేదు. మీరు ఇక్కడివాళ్లేగా, సాయంత్రం వెళ్లొచ్చు."

వీల్లేదండీ అన్న మాట గొంతుదాకా వచ్చింది. అందరూ అతనివైపే చూస్తున్నారు. "దానికేముంది, రండి," అని లేచాడు. ఆ మాటన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో.

"బయల్దేరింది తమ్ముడూ," అని రేడియోలో చెప్పాడు. అవతలి గుమాస్తా గొంతే తప్ప మొహం ఎరగడు. అతను నలభై నిమిషాలకి, "దిగింది," అన్నాడు. ఇంకాసేపటికి అదే గొంతు నెమ్మదిగా, "అన్నా, కాస్త కూర్చో," అంది.

వద్దన్నా అక్క వచ్చిందట. దిగినవాళ్లంతా వెళ్లిపోయినా బల్ల మీద అలాగే కూర్చుని ఉందట. గుమాస్తా వెళ్లి పలకరిస్తే పలకలేదట, చూస్తే ఊపిరి లేదట.

సాయంత్రం అతని సీటు ఎవరూ అడగలేదు. కిటికీ కింద కొండలు ఇలా వచ్చి అలా పోయాయి. ఇంతేనా, అనుకున్నాడు. ఇంత కాస్త దారికా తను ఇన్నేళ్లు రాలేకపోయింది. ఏడుపొచ్చింది. పక్కవాళ్లున్నారని మొహమాటపడకుండా ఏడ్చాడు.

గుమాస్తా ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికి తీసుకెళ్లారన్నా, పద. పొద్దున ఇక్కడే కూర్చుంది. పక్కన ఎవరో కూర్చోబోతే, మా తమ్ముడొస్తున్నాడు, లే బాబూ అని లేపేసింది."

గోడవార బల్ల ఖాళీగా ఉంది. దాని మీద అతనికి సీటు ఆపడానికి అక్క పరిచిన రుమాలు, గాలికి ఎగిరిపోకుండా ఒక కొస చెక్కల సందులో దోపి ఉంది.