బావ వేలుపెట్టిన స్క్రిప్టు

పాత ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా ప్యాకేజీలు కట్టడం మరదలి ఉద్యోగం. ఆమె చేతికింద ఉన్నవాటిలో బావ పెళ్లికి ముందెప్పుడో రాసిన పేకాట ప్రోగ్రాము ఒకటి. దానికి లోకంలో ఎందరు అభిమానులున్నారో తెలియదు గానీ, ఇంట్లో మాత్రం బావ వాళ్లమ్మ ఉంది.

ఆవిడ కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోవడంతో చిక్కొచ్చిపడింది. అందులోని ప్రాసెసర్ సరికొత్త రకం. ప్రోగ్రాము తయారయ్యే ముందు, కంప్యూటరుకిచ్చే ఆదేశాల చిట్టాలాంటి ఒక పొడవాటి స్క్రిప్టు నడిచి, ఇది ఏ రకం కంప్యూటరో వాకబు చేస్తుంది. అది కాస్తా "ఇదేమిటో నాకు తెలియదు" అని మొండికేసి కూర్చుంది.

"దానికెలా తెలుస్తుంది బావా? ఈ ప్రాసెసర్ పుట్టకముందు తయారైన స్క్రిప్టది. కొత్తగా పుట్టించాలి," అంది మరదలు.

"దాని జోలికెళ్లకు. నా చేత్తో రాసింది."

"నువ్వు రాసింది ఈ చిన్న మూల ఫైలు. దీన్ని చూసి ఆ స్క్రిప్టును పుట్టించింది ఇంకో ప్రోగ్రాము. నీ గొప్పేం కాదులే."

బావ మూతి ముడుచుకున్నాడు. వంటింట్లోంచి అక్క వచ్చి, "దాన్ని పని చేసుకోనివ్వండీ! అత్తయ్య పొద్దుట్నుంచీ నా ప్రాణాలు తోడేస్తున్నారు," అని మొగుణ్ణి గదమాయించింది.

మరదలు పాత స్క్రిప్టు తీసి అవతల పడేసి, తాజాది పుట్టించింది. అది కొత్త ల్యాప్‌టాప్‌ను ఇట్టే గుర్తుపట్టింది. పేకముక్కలు తెరమీద పరుచుకున్నాయి. పాత ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లన్నీ ఇందులోకి చేరవేసి, మరదలు ఒళ్లు విరుచుకుందో లేదో, గదిలోంచి పెద్ద కేక.

"నా పాయింట్లేవే? ఇన్నేళ్లుగా ఆడి ఆడి కూడబెట్టుకున్నాను. సున్నా చూపిస్తోందేమిటి?"

"ఫైలు భద్రంగానే ఉందత్తయ్యా! ప్రోగ్రామే ఇంకెక్కడో వెతుక్కుంటోంది."

బావ ముఖం చాటంత అయింది. "జోలికెళ్లకని చెప్పానా, లేదా?"

మరదలు అవతల పడేసిన పాత స్క్రిప్టునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చింది. పాయింట్ల ఫైలు ఎక్కడుండాలో చెప్పే వరుసను పాతదాంట్లో ఎవరో చేత్తో మార్చారు.

"ఎవరు బావా ఈ ఘనకార్యం చేసింది?"

బావ తల గోక్కున్నాడు. "అప్పుడేదో తొందరలో... మూల ఫైల్లో కూడా మార్చడం మర్చిపోయాను."

"అక్కడ మార్చుంటే నాకీ తిట్లు తప్పేవిగా!"

"చూడకుండా పారేసింది నువ్వేగా!"

అదీ నిజమే. బావ ఆ వరుసను మూల ఫైల్లోకి ఎక్కించాడు. ఆమె స్క్రిప్టును మళ్లీ పుట్టించింది. అత్తయ్య పాయింట్లు పైసా తగ్గకుండా తిరిగొచ్చాయి.

ఆ తర్వాత, ప్యాకేజీ కట్టిన ప్రతిసారీ స్క్రిప్టు దానంతటదే కొత్తగా పుట్టేలా మరదలు ఏర్పాటు చేసింది. పుట్టినదాన్ని మిగతా ఫైళ్లతోపాటు భద్రపరచడం కూడా మానేసింది.

"అదేమిటి, స్క్రిప్టు కనబడదేం?" అన్నాడు బావ, ఫైళ్లన్నీ తిరగేసి.

"కనబడితే నువ్వు ఊరుకుంటావా?"

అక్క పకపకా నవ్వింది. బావకూ నవ్వాగలేదు.

"మీ నవ్వులు బయట నవ్వుకోండి," అని గదిలోంచి కసిరింది అత్తయ్య. "గెలిచే ఆట పాడైపోతోంది."